లోతున్న పుస్తకాలు

మా గ్రంథాలయంలో వానాకాలానికి ఒక పద్ధతి ఉండేది. రోడ్లు మునిగి పాఠకులు రాలేరు కాబట్టి పుస్తకాలే సంచుల్లో ఇళ్ళకు వెళ్ళేవి. సంచికి రెండు. ఒకటి కథ, ఒకటి నిజం. ఏ ఇంటికి ఏ జత పంపాలో నేను తేల్చాలి. హత్యలు తప్ప ఇంకేదీ ముట్టనని భీష్మించుకున్న టైలరుగారికి ఒక హత్య, దాని పక్కన తేనెటీగల పెంపకం. ప్రేమకథ చదివి ముక్కు చీదుకునే రిటైర్డు డ్రిల్లు మాస్టారికి ఒక ప్రేమ, దాని పక్కన ఉప్పు చరిత్ర. కథ కోసం సంచి విప్పినవాళ్ళు వాన తగ్గక, పొద్దు పోక, నిజాన్ని కూడా తిరగేస్తారని మా ఆశ. తిరగేసేవారు కూడా. "మేడమ్, ఈ తేనెటీగల్లో రాణి పుట్టగానే అక్కచెల్లెళ్ళని చంపేస్తుందట! ముందే చెప్పొద్దూ?" అని టైలరుగారు ఫోన్ చేసి మరీ దెబ్బలాడాడు.

సంచి తిరిగొచ్చినప్పుడు "ఎలా ఉంది?" అని అడగాలి. పాఠకుడు ఎంతవరకు దిగాడో ఆ జవాబులో తెలిసిపోతుంది. తర్వాతి జతలో అంతకంటే కాస్త లోతున్నది పెట్టాలి. ఇంత చిన్న పనికి మనిషెందుకు అని మా ఆయన వేళాకోళం చేసేవారు గాని, అందులో నా చెయ్యి మంచిదని పేరుండేది.

ఆ ఏడు ఒక సంచి మా ఇంటికే తెచ్చుకున్నాను, మా చెల్లి కోసం.

మా మరిది, అంటే చెల్లి భర్త, జలాశయం దగ్గర నీటిమట్టం కొలిచే ఉద్యోగి. మొదటి వానల్లోనే కొలబద్ద చూడ్డానికి పడవలో వెళ్ళాడు. పడవ తిరిగొచ్చి ఒడ్డుకు ఆనుకుంది. తెడ్లు లోపలే ఉన్నాయి. మనిషి లేడు. వెతికినన్నాళ్ళు వెతికి, నీళ్ళు తగ్గాక మళ్ళీ చూద్దామన్నారు. క్వార్టర్సులో ఒంటరిగా ఉంచలేక చెల్లిని మా ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చాక గాని నాకు తట్టలేదు, మా పెరటి వెనక పారే కాలవ ఆ జలాశయం నుంచి వచ్చేదేనని.

మా వెనక తలుపు తీస్తే మెట్లు, మెట్ల కింద కాలవ. ఎండల్లో ఆ కింద పిల్లలు బంతాట ఆడతారు. ఆ వానలకి కింది మెట్లు అప్పటికే నీళ్ళలోకి పోయాయి. చెల్లి ఆ వైపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండునని నేను వంటింట్లో ఏడ్చేదాన్ని.

"చూడు మరదలా," అనేవారు మా ఆయన, కరెంటు ఆఫీసు నుంచి తడిసి ముద్దయి వచ్చి, తల తుడుచుకుంటూ. "ఈ ఇంట్లో మీ అక్క మాట్లాడుతుంది, నేను వింటాను. నువ్వొచ్చావు కదా, నా తరఫున నాలుగు మాటలు అంటావనుకున్నా. నువ్వూ వినే పార్టీలోనే చేరితే ఎలా?"

"మీ పార్టీలో జీతమెంత బావా?" అని అడిగింది ఒకసారి. ఆ వారమంతటికీ అదొక్కటే మాట.

మొదటి జత తేలికది కట్టాను. వచ్చి ఎంతకీ కదలని ఒక చుట్టం గురించి నవ్వుల నవల. దాని పక్కన, పక్షుల్ని గుర్తుపట్టే పుస్తకం. మా చెల్లికి మొదట్నుంచీ కథలే కావాలి. చిన్నప్పుడు ఎవరైనా ఇంకో రకం పుస్తకం చేతిలో పెడితే, "నిజాలు వినడానికి నేనేమైనా కోర్టునా?" అని విసిరి కొట్టేది. అయినా పద్ధతి పద్ధతే కదా అని రెండూ పెట్టాను.

"ఎలా ఉన్నాయే?" అని అడిగాను, పుస్తకాలు తిరిగి నా చేతికి వచ్చాక.

కిటికీలోంచి చూపు తిప్పకుండా, "నవ్వులది మోకాలి లోతే," అంది. "పక్షులది కాస్త నయం."

అది మా మరిది మాట. ఆయన దేన్నైనా అలాగే కొలిచేవాడు. సినిమా మోకాలి లోతు. పెళ్ళిలో ఎవరో ఇచ్చిన ఉపన్యాసం నడుం లోతు. తన పై ఆఫీసరు బుర్ర చీలమండ దాకా. భర్త మాట భార్య నోట్లో మిగిలిపోవడంలో వింతేమీ లేదు. "ఫ్యూజు పోయింది" అని నేను మాత్రం రోజుకెన్నిసార్లు అనను! పైగా చెల్లి నిజాల పుస్తకం కూడా చదివిందన్న సంతోషంలో మిగతాది పట్టించుకోలేదు.

కాస్త లోతున్నవి తెచ్చాను. ఊరందరికీ తెలిసిన మనిషే హంతకుడని చివర్లో తేలే డిటెక్టివు నవల, సముద్రంలో దీపస్తంభాలకి కాపలా కాసినవాళ్ళ చరిత్ర.

"నడుం దాకా వచ్చింది," అంది చెల్లి.

నాకు ఉత్సాహం వచ్చింది. ఎడారిని కాలినడకన దాటిన ఒకావిడ రాసుకున్న అనుభవాలు తెచ్చాను. దాని జతగా, ఒకే ఇంట్లో తాతల నుంచి మనవల దాకా సాగే లావుపాటి నవల. ఈసారి నేను అడగకముందే చెప్పింది.

"ఛాతీ దాకా అక్కా. ఇంకా ఉంటే తే."

తిరిగొచ్చిన ఆ పుస్తకాల్ని గ్రంథాలయంలో సంచిలోంచి తీస్తుంటే, కౌంటరు దగ్గరి అమ్మాయి ముక్కు మూసుకుంది.

"ఏంటి మేడమ్, మీ ఇంటి సంచి చేపల మార్కెట్టుకి వెళ్ళొచ్చిందా?"

నాచు వాసన. పేజీల కింది అంచు తడిగా ఉంది. వానకి తడిసిన పుస్తకాలు నాకు కొత్త కాదు. వాన పైనుంచి తడుపుతుంది, లేదా ఒక మూల నుంచి. తడి ఎక్కడ ఆగిందో ఎగుడుదిగుడుగా మచ్చ కడుతుంది. ఇది అలా లేదు. కింది నుంచి పైకి, అన్ని పేజీల్లోనూ ఒకే ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు ఆగింది. అరలోకి వెళ్ళి అంతకుముందు జతలు తీసి చూశాను. వాటికీ గీత ఉంది. మొదటి జతకి బాగా కింద. రెండో జతకి అంతకంటే పైన. ఇప్పటి వాటికి ఇంకా పైన.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను.

"వానాకాలం కదే! నా బనీను మూడు రోజుల నుంచి ఆరట్లేదు. దానికీ ఏదో పట్టిందంటావా?"

"బనీనుకి గీత పడిందా?"

"బనీనే గీతల్లా మిగిలింది," అన్నారు.

నేను నవ్వి చెల్లి దగ్గరికెళ్ళాను. మరునాడు తేవాల్సిన వాటి గురించి మాట్లాడుతూ, దీపస్తంభాల పుస్తకం నీకెలా నచ్చిందే అని మామూలుగా అడిగాను.

"మనిషి బాగా రాశాడు గాని, నీళ్ళు కొలవడం ఒక్కటి తప్పు రాశాడు," అంది. "నిలబడి పైనుంచి చూస్తే బద్ద మీద అంకె తప్పొస్తుంది. వంగి, కంటిని నీళ్ళకి సమానంగా దించి చదవాలి. ఎంత దించితే అంత సరిగ్గా కనబడుతుంది."

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే థర్మామీటరు నా చేతికిచ్చి "ఎంతుందో నువ్వే చూడక్కా" అనే మనిషి మా చెల్లి.

"నీకెలా తెలుసే?"

"ఆయన చెప్పాడు."

"ఎప్పుడు?"

"పొద్దున," అంది, "నువ్వు పాలు కాస్తున్నప్పుడు."

పాఠకుల్ని వినడంలోనే నా సగం వయసు గడిచింది. చదివిన మనిషి వేరు, చెబుతున్న మనిషి వేరు అయితే నాకు తెలుస్తుంది. పిల్లల వ్యాసాన్ని తండ్రి రాసిస్తే టీచరుకి తెలిసినట్టు. అన్ని వారాలూ తెలియకపోవడం ఎలా జరిగిందో. నేను చెల్లికని ఎంచి తెచ్చిన ఏ పుస్తకమూ చెల్లి చదవలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన నిద్రమాత్రలిచ్చాడు. చెల్లి బాగానే నిద్రపోయేది. నిద్రలో కూడా కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద పేజీలు తిప్పుతున్నట్టు కదిలేవి.

తర్వాతి జత కావాలనే తేలికవి తెచ్చాను. బడిపిల్లల అల్లరి కథలు, ఇంటి లోపల మొక్కలు పెంచుకునే విధానం. చెల్లి సంచి ముడి కూడా విప్పకుండా తిరిగిచ్చేసింది.

"ఇవి వద్దట. మళ్ళీ మోకాళ్ళ దాకా రానంటున్నాడు."

"నీకేం కావాలో చెప్పవే. ఆయన సంగతి తర్వాత."

"మెడ దాకా వచ్చేసింది అక్కా. ఇంకొక్క మంచి పుస్తకం తెచ్చిపెట్టు, లోతున్నది. దాంతో తల మునుగుతుంది." బజారు నుంచి సూదీదారం తెమ్మన్నంత మామూలుగా చెబుతోంది. "అప్పుడు నేను వెళ్ళొచ్చట."

"ఎక్కడికి?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, గడ్డంతో కిటికీ వైపు చూపించింది.

మా ఆయన ఆ రోజే వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నారు. మర్నాడు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. చెల్లి మెట్టు మీద కూర్చుంది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. తాళం గొళ్ళేనికి వేలాడుతోంది, తెరిచి.

"నేను తియ్యలేదక్కా," అంది. "నేను లేచి వచ్చేసరికే తీసుంది."

మా ఆయన వచ్చారు. జేబులోంచి తాళంచెవి తీసి చూసుకున్నారు, తాళం వంక చూశారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

ఎంతసేపని కాపలా కాస్తాం? మంచానికి కట్టేసి పెట్టుకుంటామా? ఆలోచించీ చించీ, చివరికి నాకు చేతనైన పనే చేశాను.

ఆదివారం మధ్యాహ్నం. ఎక్కడో తీగలు తెగాయని మా ఆయన్ని పిలిపించుకున్నారు. నేను కుర్చీ తెచ్చి చెల్లికి ఎదురుగా వేసుకున్నాను.

"ఆయనకేం కావాలో నాకు నేరుగా చెప్పమను. నువ్వు మధ్యలో ఉండి చెబితే సరిగ్గా అందట్లేదు."

చెల్లి కాస్త ఆశ్చర్యపోయింది. కిటికీ వైపు తల వంచి, ఆగి, "సరేనంటున్నాడు," అంది.

మా మరిదిని నేను ఎప్పుడూ 'నువ్వు' అనేదాన్ని. ఆ రోజు 'మీరు' అన్నాను, కౌంటరు దగ్గరికి వచ్చిన పాఠకుణ్ణి అన్నట్టు.

"ఇంతవరకు ఇచ్చినవాటిలో మీకు ఏది నచ్చింది?"

చెల్లి విని చెప్పింది. "అన్నీ బాగున్నాయట. నువ్వు ఇవ్వడం బాగుందట."

"ఏది పూర్తి చేశారు?"

బయట నీళ్ళు మెట్లకి తగిలి, వెనక్కి పోయి, మళ్ళీ తగులుతున్నాయి.

"ఏదీ కాలేదట."

"ఎందుకని? విసుగొచ్చిందా?"

"విసుగు కాదట. చివరి పేజీకి వచ్చేసరికి అక్షరాలు కరిగిపోతున్నాయట. అక్కడ వెలుతురు చాలట్లేదు. ఏ కథ ఏమైందో తెలియట్లేదు. పక్షుల పుస్తకం కూడా ఎలా ముగిసిందో తెలియదట." "అందుకే నన్ను రమ్మంటున్నాడక్కా. నేను దగ్గరుంటే చదివి వినిపిస్తానని. అంతే. ఇంకేం లేదు. పాపం, ఒక్కడే ఉన్నాడు కదా."

పాఠకుడికి ఏం కావాలో నాకు అప్పటికి తెలిసింది. నేను లోతులు చూసుకుంటూ పుస్తకం తర్వాత పుస్తకం పోశాను. ఆయన అడుగుతున్నది కొత్తది కాదు.

"దానికి నువ్వు అంతదూరం వెళ్ళడమెందుకే?" అన్నాను. "ఇక్కణ్ణించి చదివితే వినపడదా?"

చెల్లి అడిగింది. సమాధానం వచ్చిందో లేదో, నాకు మాత్రం చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్ళి, మా ఇంటికి వెళ్ళి తడిసొచ్చిన పుస్తకాలన్నీ అరల్లోంచి తీసి పెద్ద సంచిలో వేసుకున్నాను.

"ఇన్నా మేడమ్!" అంది కౌంటరు అమ్మాయి. "ఇంటికి చుట్టాలొచ్చారా?"

"ఒక్కరే. చదువులో బాగా వెనకబడ్డాడు."

సాయంత్రం నాలుగింటికే ఇంటికొచ్చేశాను. మబ్బు పట్టి ఉంది గాని వాన లేదు. వెనక తలుపు నేనే తీశాను. గడప మీద నేను కూర్చున్నాను. చెల్లి రెండు మెట్లు దిగి, ఒక వారగా కూర్చుంది. అంత మెట్టు ఖాళీగా ఉండగా అంత వారగా ఎందుకని నేను అడగలేదు. మా ఆయన నా వెనక, లోపల, స్టూలు మీద కూర్చున్నారు. ఎందుకైనా మంచిదని చేతికి దొరికిన తాడు దగ్గర పెట్టుకున్నారు.

నవ్వుల నవల చివరి పేజీతో మొదలుపెట్టాను. అందులో ఆ చుట్టం నిజంగానే పెట్టె సర్దుకుని బయల్దేరతాడు. అప్పటిదాకా తిట్టిన ఇంటివాళ్ళంతా గుమ్మంలో అడ్డం నిలబడి, ఇంకొక్క రోజు ఉండమంటారు. చదివి, మూసి పక్కన పెట్టాను. పక్షుల పుస్తకానికి ముగింపేముంటుంది? చివర్లో పేర్ల పట్టిక ఉంటే అదే చదివాను. కొంగ, కోయిల, గువ్వ, గోరింక. దీపస్తంభాల చరిత్ర చివర, దీపాలు వాటంతటవే వెలిగే రోజులొచ్చి, ఆఖరి కాపలావాడు ఇంటికొస్తాడు. ఇంట్లో చీకటిగా ఉందని అతనికి నిద్రపట్టదు.

చెల్లి చిన్నపిల్లలా 'ఊఁ' కొడుతూ వింది. ఒకసారి ఆమె ఆవులిస్తుంటే కూడా 'ఊఁ' వినిపించింది. మా ఆయన స్టూలు కిర్రుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

డిటెక్టివు నవల తీశాను.

"ఆగాగు, అది చదవకు! నేను సగంలో ఉండగానే తిరిగి పట్టుకుపోయావు," అన్నారు మా ఆయన.

"మీకు తర్వాత చదువుకోవడానికి వెలుతురుంది లెండి," అని హంతకుడి పేరు చదివేశాను.

"వాడా! పోస్టుమాస్టరా! వాడి మీద నాకు మొదట్నుంచీ..."

"బావా, మీకెవరి మీదా అనుమానం రాలేదు. అప్పుడు నన్నే అడిగారు ఎవరని," అంది చెల్లి, వెనక్కి తిరక్కుండా.

ఎడారి దాటినావిడ ఆఖరి పేజీలో చెప్పులు విప్పి, ఎవరిదో ఇంటి నేల మీద కాళ్ళు పెట్టుకుని, చల్లగా ఉందని రాసుకుంది. అదీ అయింది. ఇంక లావు నవల ఒక్కటే మిగిలింది. చివరి పేజీ తియ్యబోతుంటే చెల్లి గబుక్కున వెనక్కి తిరిగి, దాని మీద చెయ్యి పెట్టింది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"అది వద్దక్కా."

"ఎందుకే?"

"అది కూడా వినేస్తే ఇంక ఆయన నన్ను అడగడానికేం ఉండదు."

లోపల మా ఆయన లేచి నిలబడిన చప్పుడైంది. వద్దన్నట్టు చెయ్యి వెనక్కి ఊపాను. పుస్తకాన్ని మనిషి చేతిలో పెట్టడం వరకే మా పని. అంతకుమించి ఎంత బతిమాలినా, ఎంత తాళం వేసినా, మనం వాళ్ళ కళ్ళతో చదవలేం.

"సరే, నేను చదవను," అన్నాను. "చదివితే నువ్వు చదువు. లేదంటే మూసేసి ఇవ్వు, లోపల పెట్టేస్తాను. నీ ఇష్టం."

పుస్తకం ఆమె చేతికిచ్చాను.

చెల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కాలవ ఆమె పాదాల కింది మెట్టు దాకా వచ్చి, అక్కడే ఆడుతోంది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. లోపలికి రమ్మందామనుకుని ఊరుకున్నాను. ఆమె పుస్తకం మీదికి వంగి, వెనక అట్ట దగ్గర తెరిచి, మెల్లిగా చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యాలు నాకు వినపడలేదు. చివరికొచ్చేసరికి గొంతు నిలబడింది.

"'పెద్దావిడ దీపం తగ్గించింది. మిగతాది రేపు చూద్దాం, అంది. వీధి తలుపు వేశారో లేదో చూసి రమ్మని ఎవర్నో పంపింది. ఆ రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయారు.'"

ఆగి, పేజీ తిప్పి చూసింది. అవతల ఏమీ లేదు.

"అయిపోయింది," అంది పక్కకి తిరిగి. "ఇంతే."

తర్వాత పుస్తకం చంకలో పెట్టుకుని లేచి, మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. జుట్టు మీద చినుకులు మెరుస్తున్నాయి.

"ఇంత లావు పుస్తకం రాసి, చివరికి అందర్నీ పడుకోబెట్టడమేంటక్కా? ఈ మాత్రానికి నాకైతే మొదటి పేజీలోనే నిద్రొచ్చేది," అని విసుక్కుంది. నన్ను దాటుకుని లోపలికెళుతూ, "తినడానికేమైనా ఉందా? కడుపు మండిపోతోంది," అంది.

"ఉంది, ఉంది!" అని మా ఆయన తాడు పడేసి వంటింట్లోకి పరిగెత్తారు. ఆయన ఏదో గిన్నె కింద పడేసిన చప్పుడు, చెల్లి "మీరు తప్పుకోండి బావా, నేను చూసుకుంటా" అనడం వినిపించింది.

నేను పుస్తకాలు సంచిలో సర్దుకుని తలుపు వెయ్యబోయాను. చినుకులకి మెట్లన్నీ తడిసి నల్లబడ్డాయి. చెల్లి కూర్చుని లేచిన చోట మాత్రం మెట్టు పొడిగా, తెల్లగా ఉంది. అది మామూలే. దాని పక్కన, మెట్టు ఇవతలి కొస వరకు, అంతకంటే కాస్త వెడల్పుగా ఇంకొక పొడి చోటు ఉంది.

తలుపు పట్టుకుని నిలబడి చూస్తుండగానే దాని మీద ఒక చినుకు పడింది. తర్వాత ఇంకొకటి.